కడగని కోటర్

కింది వాటాలోని స్క్రీన్ ప్రింటింగ్ షాపులోకి అడుగుపెట్టిన మొదటి రోజే చిన్నకోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఎండ పడకుండా కిటికీ అద్దాలకు పసుపు కాగితం అతికించిన వెనక గదిలోంచి ఒక వాసన వస్తోంది. విరిగిన పాలూ తడిసి ఆరని చెప్పులూ కలిస్తే వచ్చేలాంటి వాసన. పెళ్ళికి ముందు ఆమె ఒక పెద్ద బట్టల ఫ్యాక్టరీలో స్క్రీన్లు తయారుచేసే పని చేసింది. అందుకే ఆ వాసన ఏమిటో చూడకుండానే తెలిసిపోయింది. ఎమల్షన్ కుళ్ళింది.

ఫ్రేముకు బిగించిన సన్నటి జాలిగుడ్డ మీద పల్చగా పూసే చిక్కటి ద్రవమే ఎమల్షన్. అది ఆరాక బొమ్మ ఉన్న ఫిల్మ్ పెట్టి వెలుతురు చూపిస్తారు. వెలుతురు తగిలినచోట గట్టిపడుతుంది, బొమ్మ నీడ పడినచోట నీళ్ళకు కరిగిపోతుంది. కరిగిన ఆ సందుల్లోంచే రంగు చొక్కా మీదికి దిగుతుంది. ఎమల్షన్ పూసే పనిముట్టును కోటర్ అంటారు. పొడవాటి లోహపు తొట్టి, దానికి నున్నటి అంచు, అంతే. అందులో ఎమల్షన్ పోసి, నిలబెట్టిన స్క్రీన్‌కు అంచు ఆనించి కింది నుంచి పైకి ఒక్క లాగు లాగాలి. అంచు బాగుంటే పూత అద్దంలా వస్తుంది. బాగోలేకపోతే ఎలా వస్తుందో ఆ గదిలో గోడకు ఆనించిన స్క్రీన్లన్నీ చెబుతున్నాయి. చారలు, బుడగలు, గడ్డలు.

ఆ పని బావగారిది. మామగారు పెట్టిన షాపు అది. ఆయన పోయాక పెద్దకొడుకు ఆర్డర్లూ స్క్రీన్లూ చూసుకుంటున్నాడు. చిన్నకొడుకు, అంటే చిన్నకోడలి భర్త, టేబుల్ దగ్గర నిలబడి ప్రింటు కొడుతున్నాడు. ఇన్నాళ్ళూ వేరే అద్దె ఇంట్లో ఉండి వచ్చిపోతుండేవాడు. తమ కొడుకు బడి దగ్గరవుతుందని ఈమధ్యే అన్నగారి కుటుంబం ఉంటున్న పై వాటాకు మారారు. ఊరికే కూర్చోవడం ఇష్టంలేక చిన్నకోడలు, పగటిపూట షాపులో సాయం చేస్తానని తనే అడిగింది.

బావగారు ఎంతో మర్యాదగా ఆమెకు షాపంతా చూపించాడు. చివర్లో, ఇంకు మరకలతో అసలు రంగేమిటో తెలియని బల్ల మీద ఉన్న కోటర్‌ను ఎత్తి చూపించాడు.

"ఇది నాన్నగారి కాలంది అమ్మాయ్. ఇప్పటికీ రాయిలా ఉంది."

నిజమే, రాయిలాగే ఉంది. లోపలంతా పాత ఎమల్షన్ పొరలు పొరలుగా గడ్డకట్టి, తొట్టి సగానికి సగం పూడిపోయింది. అంచు వెంబడి ఆకుపచ్చ పెచ్చులు లేచి నిలబడ్డాయి. మూలలో ఒక బొద్దింక కాలు, రెండు మూడు వెంట్రుకలు, ఒక అగ్గిపుల్ల. అడుగున నిన్నటి ఎమల్షన్ మీద మీగడలాంటి తెట్టు. బావగారు చూపుడువేలితో ఆ తెట్టు పక్కకి తోసి, వేలిని బనీనుకు తుడుచుకుని, మిగిలినదాన్ని ఎమల్షన్ బక్కెట్లోకి ఒంపేశాడు.

"బావగారూ, నిన్నటిది మళ్ళీ మంచిదాంట్లో కలిపేస్తున్నారేంటి?"

"పారబొయ్యమంటావా? కాస్త పులిస్తేనే దానికి పట్టు."

పెద్దవాడు, పైగా బావగారు, ఎదురుగా ఏమనగలదు? నీళ్ళ పంపు ఎక్కడుందని మాత్రం అడిగింది. పంపు కింద తొట్టిలో పాచి జారుతోంది. పాచి మీద ఎవరో పళ్ళు తోముకుని ఉమ్మిన నురగ.

మధ్యాహ్నం అందరూ పై వాటాలో భోజనానికి కూర్చున్నారు. రెండు కుటుంబాలకీ ఒకటే వంట. బావగారు గోళ్ళ చుట్టూ ఆకుపచ్చ ఎమల్షన్ ఎండిన చేత్తోనే గిన్నెలోని అన్నం తీసి అందరికీ వడ్డించాడు. వద్దన్నా తమ్ముడికి ప్రేమగా ఇంకో ముద్ద వేశాడు. చిన్నకోడలు తలనొప్పి అని చెప్పి కంచం ముందునుంచి లేచిపోయింది.

ఆ సాయంత్రం భర్తని నిలదీసింది.

"ఏవండీ, ఆ స్క్రీన్లతోనే ఇన్నాళ్ళూ ప్రింటు కొట్టారా? మీకు వాసన రాలేదా?"

"మొదట్లో వచ్చేది," అన్నాడతను. "తర్వాత రావడం మానేసింది."

"మీ అన్నయ్యకి చెప్పొచ్చుగా?"

"చిన్నప్పట్నుంచీ అంతే వాడు. దువ్వెన కూడా నాదే వాడేవాడు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి వదిలేశాను."

కుళ్ళు కంటే ఆ వదిలెయ్యడమే ఆమెకు ఎక్కువ రోతగా తోచింది. రేపు తన ముక్కు కూడా అలాగే చచ్చిపోతుందేమోనన్న భయం పట్టుకుంది.

పాతదాన్ని బాగుచెయ్యాలని చూడకపోలేదు. వేడినీళ్ళలో నానబెట్టింది, ప్లాస్టిక్ గరిటెతో పెచ్చులు గీకింది. గీకినకొద్దీ కింద ఇంకో రంగు పొర. మామగారి కాలం నాటి గులాబీ రంగు ఎమల్షన్ కూడా బయటపడింది. అంతా పోయాక చూస్తే అంచు రంపం పళ్ళలా ఉంది. ఇన్నాళ్ళ చారలకు కారణం అదే. దాంతో లాగితే జాలిగుడ్డ కూడా చిరుగుతుంది. కొత్తది కొనక తప్పదని భర్తతో చెప్పించింది. బావగారు నవ్వేశాడు.

"కొనుక్కోండి, కొనుక్కోండి. కొత్త కోడలు కొత్త గిన్నె కావాలంటుంది, మామూలేగా."

ప్రింటింగ్ సామాన్ల దుకాణంలో మొదట చూపించింది రేకు మడిచి చేసిన తొట్టి. చివర్లకు ప్లాస్టిక్ మూతలు జిగురుతో అతికించి ఉన్నాయి.

"ఇదే అందరూ పట్టుకెళ్ళేదమ్మా," అన్నాడు దుకాణదారు.

"మూతలు ఊడి రావా?"

"ఎందుకు ఊడతాయి? గట్టిగా అంటించారు."

"ఊడి రావాలండీ. లేకపోతే ఆ మూలల్లో ఇరుక్కున్నది ఎలా కడుగుతాం?"

అతను ముఖం చిట్లించి అటక మీదనుంచి ఇంకో రెండు దించాడు. ఆమె ఒక్కోదాని అంచు మీద బొటనవేలి గోరు ఆ చివరనుంచి ఈ చివరకు జార్చి చూసింది. ఒకదాని మీద గోరు మధ్యలో చిన్నగా ఆగింది. దాన్ని పక్కన పెట్టేసింది. రెండోదాన్ని కౌంటర్ గాజు మీద బోర్లించి, కళ్ళు ఆ ఎత్తుకు వంచి, అంచుకీ గాజుకీ మధ్య ఎక్కడైనా వెలుతురు దూరుతోందేమో చూసింది. దూరలేదు. దానికి రెండు అంచులు. ఒకటి సన్నంగా ఉంది, పల్చటి పూతకు. ఇంకోటి గుండ్రంగా మొద్దుగా ఉంది, మందపు పూతకు. ముఖ్యంగా మూతలు ఊడి వస్తున్నాయి. తమ ఫ్రేము కొలత తాడుతో తీసుకొచ్చింది. కోటర్ ఫ్రేము లోపలికి రెండువైపులా కాస్త ఖాళీ వదిలి పట్టాలి. ఫ్రేముకు తగిలేంత పొడవైతే జాలిగుడ్డ ఆ చివర్లలో సాగి పూత దళసరిగా పేరుకుపోతుంది.

"పెళ్ళిచూపుల్లో కూడా ఇంత చూడలేదు నువ్వు," అన్నాడు భర్త.

"చూడాల్సింది," అంది.

దుకాణదారు పగలబడి నవ్వాడు. భర్త కూడా నవ్వాడు గానీ, దారిలో ఆమెకంటే రెండడుగులు ముందే నడిచాడు.

కొత్త ఎమల్షన్ డబ్బా కూడా తెచ్చుకున్నారు. ఆ రోజు నుంచి పూత పని ఆమె చేతికొచ్చింది. పని అయిన వెంటనే మిగిలినదాన్ని వేరే చిన్న డబ్బాలోకి తీసేది. మూతలు ఊడదీసి, ఎమల్షన్ ఆరకముందే గోరువెచ్చటి నీళ్ళలో మెత్తటి స్పాంజితో కడిగేది. ఇనుప పీచు దగ్గరికి రానిచ్చేది కాదు. పోగులు రాలని గుడ్డతో తుడిచి, అంచుకు తొడుగు వేసి, మేకుకు వేలాడదీసేది. స్క్రీన్లు అద్దంలా రావడం మొదలైంది. భర్త ఒక స్క్రీన్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. బావగారు కూడా చూసి, "బాగానే ఉంది," అన్నాడు. పాత బక్కెట్ మాత్రం మూలనుంచి కదలనివ్వలేదు. అందులోది ఇంకా పనికొస్తుందట.

అంతలో ఆమె చెల్లెలికి పురుడొచ్చింది. వెళ్ళక తప్పలేదు. వెళ్ళేముందు బావగారికి స్వయంగా చెప్పింది.

"అవసరమైతే నా కోటర్ వాడండి బావగారూ, కానీ దయచేసి వెంటనే కడిగెయ్యండి."

"అదేం మాటమ్మా! నాకా చెబుతున్నావు?"

తిరిగి వచ్చిన రోజు సంచి కూడా దించకుండా వెనక గదిలోకి వెళ్ళింది. కోటర్ మేకుకే ఉంది, కానీ తలకిందులుగా. లోపల ఎమల్షన్ కారి, ఎండి, మూతలు తొట్టికి అతుక్కుపోయాయి. అంచు తొడుగు నేలమీద పడి ఉంది. దాని మీద చెప్పు ముద్ర. ఆమె కోటర్‌ను నీళ్ళలో వేసింది. ఆ పూటంతా దాన్ని కడుగుతూనే కూర్చుంది.

మర్నాడు ఒక బడి ఆటల మాస్టారు షాపుకొచ్చాడు. ఆమె లేనప్పుడు ఆ బడి పరుగుపందెం జట్టుకు చొక్కాలు ప్రింటు చేసి ఇచ్చారు. ఆయన ఒక చొక్కా కౌంటర్ మీద పరిచాడు.

"ఇదేంటండీ? మేం ఇచ్చిన బొమ్మలో ఇది లేదే."

బడి పేరు కింద, అంకెకు కాస్త పక్కగా, చిన్న నెలవంక. నీలం రంగులో, తీర్చిదిద్దినట్టు స్పష్టంగా ఉంది. అన్ని చొక్కాల మీదా ఒకేచోట ఉందట.

బావగారు తడుముకోలేదు. "అది డిజైన్ మాస్టారూ. ఖాళీగా ఉందని మేమే వేశాం. విడిగా డబ్బులేం తీసుకోలేదు చూడండి!"

"నేను అడగందే?"

"పిల్లలకి ముచ్చటగా ఉంటుందనీ..."

మాస్టారి ముఖం చూసి బావగారు వెంటనే మాట మార్చాడు. గొంతు తగ్గించి, వెనక గది వైపు కళ్ళతో చూపించాడు. "అసలు సంగతి చెప్పాలంటే, మా మరదలు కొత్త కోటర్ ఒకటి కొనుక్కొచ్చింది. పాతదానితో ఏనాడూ ఇలా రాలేదు. ఆడవాళ్ళ పని, ఏమంటాం?"

ఆ మాటలు గుమ్మం దగ్గర నిలబడ్డ చిన్నకోడలి చెవిన పడనే పడ్డాయి. ముఖం మీద కొట్టినట్టయింది. అయినా అక్కడ గొడవ పెట్టుకోలేదు. మాస్టారు రేపు మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాక, ఆ చొక్కాలు కొట్టిన స్క్రీన్‌ను వెతికి బయటకు తీసింది. ప్రింటయ్యాక ఎవరూ కడగలేదు గనుక ఉన్నది ఉన్నట్టే ఉంది. వెలుతురుకు ఎత్తి చూసింది. పేరు కింద నెలవంక ఆకారంలో కన్నం. ఎమల్షన్‌లో ఏదో పడి, దాని నీడకు అక్కడ గట్టిపడక కరిగిపోయింది. మామూలుగా అయితే ప్రింటుకు ముందే చూసి, అలాంటి కన్నాలను పూడ్చేస్తారు. అదీ చెయ్యలేదు.

ఏం పడి ఉంటుంది? ఫ్రేము మూలల్లో వెతికింది. అక్కడ, ఎండిన ఎమల్షన్‌లో సగం కూరుకుపోయి, అదే ఆకారంలో ఒకటుంది. పసుపుపచ్చగా, మందంగా, కొస దగ్గర నల్లటి మట్టి. గుండుసూదితో పెకలించి తెల్లకాగితం మీద వేసుకుంది. వంగి చూసింది.

కాలిగోరు.

పరుగున పంపు దగ్గరికి వెళ్ళి కక్కుకుంది. నిన్నంతా తను ఆ కోటర్‌ను వట్టిచేతులతో కడిగింది. ఆ వేళ్ళతోనే మధ్యాహ్నం బిడ్డకు అన్నం కలిపి పెట్టింది.

సాయంత్రం కాగితాన్ని మడిచి పై వాటాకు తీసుకెళ్ళింది. వంటింట్లో తోడికోడలు ఒక్కతే ఉంది. బావగారి భార్య నెమ్మదస్తురాలు, అవసరమైతేనే నోరు విప్పుతుంది. చిన్నకోడలు గట్టు మీద కాగితం విప్పింది.

"అక్కా, ఇది చూడు. స్క్రీన్‌లో దొరికింది."

పెద్దకోడలు ఒక్క చూపు చూసింది. "ఈయనది," అంది. "కుడికాలి బొటనవేలిది. అదొక్కటే అలా ముదిరింది."

"నా కోటర్‌లోకి ఎలా వచ్చింది?"

పెద్దకోడలు పొయ్యి ఆపేసి, చెయ్యి తుడుచుకుంది. "నేనే కారణమేమో. నువ్వు ఊళ్ళో లేనప్పుడు, కత్తిరించిన గోళ్ళు నేలంతా పారేస్తుంటే కాళ్ళకి గుచ్చుకుంటున్నాయని అరిచాను. దేన్లోనన్నా పట్టుకుని పారెయ్యండి అన్నాను. కింద షాపులో కూర్చుని కత్తిరించుకుంటున్నట్టున్నారు. చేతికి ఆ కోటరే దొరికుంటుంది."

అంటూనే ఆమెకు మొదట నవ్వు వచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వు కాదని చిన్నకోడలికి ఆలస్యంగా అర్థమైంది.

"ఇన్నాళ్ళూ నాకొక్కదానికే అసహ్యమనుకున్నానే," అంది పెద్దకోడలు. "నాలోనే ఏదో లోపం అనుకున్నా. మొగుడి మీద అసహ్యం ఏంటి, పాపం కాదా అనుకుని ఊరుకున్నా. తువ్వాలు, గ్లాసు, పక్కబట్టలు... ఎన్నని చెప్పను నీకు?"

చిన్నకోడలు ఆమె చెయ్యి పట్టుకుంది.

అన్నదమ్ములిద్దరూ పైకి వచ్చారు. పెద్దకోడలు కంచాలు పెట్టలేదు. కాగితం తీసుకెళ్ళి భర్త ముందు పెట్టింది. బావగారు చూసి, తేలిగ్గా నవ్వేశాడు.

"ఓస్, ఇదా! అందులో నీళ్ళు పోసి పారబోశాగా. ఒకటో రెండో అంటుకుని ఉంటాయి. గోరేమన్నా విషమా?"

"మాస్టారికి నేనే చేశానని ఎందుకు చెప్పారు బావగారూ?" అంది చిన్నకోడలు. కళ్ళు దించలేదు.

"అబ్బ, వ్యాపారంలో ఏదో ఒకటి అంటాంలే అమ్మాయ్. నువ్వేమన్నా ఆయన ముఖం చూడాలా పెట్టాలా? రేపు కూడా అదే చెబుదాం. యంత్రలోపం అంటే ఎవరూ ఏమనరు."

ఆమెకు గోరు చూసినప్పటికంటే ఎక్కువ రోత పుట్టింది. ఆయన నవ్వుతున్న నోరూ, బనీను మీద ఆకుపచ్చ మరకలూ, అబద్ధమూ అన్నీ ఒకే వాసన వేస్తున్నట్టు అనిపించింది.

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముడు కిందికి దిగి వెళ్ళాడు. కాసేపటికి షాపు తలుపు తెరిచిన చప్పుడు, వీధిలో చెత్తబండి ఆగే మూల దగ్గర ఏదో బరువుగా దించిన చప్పుడు వినిపించాయి. పైకి వచ్చాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు.

"బక్కెట్ పారేశాను అన్నయ్యా. నాన్నగారి కోటర్ కూడా."

"నీకేమన్నా పిచ్చా? నన్నడక్కుండా?"

"రేపట్నుంచి వెనక గదిలోకి నువ్వు రావద్దు." అతని ముఖం పాలిపోయింది. అన్నకు అలా ఎదురు చెప్పడం అదే మొదటిసారి. "వస్తే నేను ప్రింటు కొట్టను."

బావగారు కోపంగా లేచి, తిండి వద్దని వెళ్ళి పడుకున్నాడు. ఎవరూ బతిమాలలేదు.

మర్నాడు మాస్టారు రాకముందే పెద్దకోడలు చీర మార్చుకుని తనే బడికి బయలుదేరింది. చిన్నకోడలు తోడు వెళ్ళింది. మైదానం పక్కన నిలబడి పెద్దకోడలు దాచకుండా అంతా చెప్పేసింది. చేతిలో చొక్కా పట్టుకుని వింటున్న మాస్టారు దాన్ని రెండు వేళ్ళతో దూరంగా పట్టుకున్నాడు.

"గోరా? మనిషిదా?"

"అవునండి. మా ఆయనది."

ఆయన చొక్కాను బెంచీ మీద పడేసి కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కొచ్చాడు. కొత్త చొక్కాలు తెచ్చి ఇస్తామని, ఈసారి పని తమ ఇద్దరి చేతుల మీదుగానే జరుగుతుందని తోడికోడళ్ళు చెప్పారు. ఆయన ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. చివరికి, స్క్రీన్ తయారయ్యాక తను వచ్చి కళ్ళతో చూస్తేనే ప్రింటు మొదలుపెట్టాలన్నాడు. "పిల్లలకి మాత్రం చెప్పకండి," అన్నాడు వెళ్ళబోతూ. "నెలవంక మా అదృష్టం అని ముద్దులు పెడుతున్నారు దానికి."

దారిలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడానికి భయపడ్డారు.

కోటర్‌ను చిన్నకోడలు వేడినీళ్ళలో మళ్ళీ మళ్ళీ కడిగింది. అంచు మీద గోరు జార్చి చూడబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. గోరు అన్న ఆలోచనే భరించలేకపోయింది. దూది ఉండ తీసుకుని అంచు వెంబడి నడిపింది. సన్నటి అంచు మీద ఒకచోట దూది పోగు చిక్కుకుంది. గోళ్ళ కత్తెర తగిలిందో, సిమెంటు గట్టు మీద బోర్లించారో, చిన్న గాటు పడింది. ఆ గాటును ఆకురాయితో గీకితే ఇంకా పాడవుతుంది. గుండ్రటి అంచు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ వైపుతో ఇంకా ఏళ్ళతరబడి పని చేసుకోవచ్చు. అంతా తెలుసు. ఎమల్షన్ మాత్రం పొయ్యలేకపోయింది. డబ్బా మూత తీసి, మళ్ళీ మూసేస్తోంది.

"స్టీలేగా, శుభ్రంగా కడిగావుగా," అన్నాడు భర్త.

"కడిగానండీ. నావల్ల కావడంలేదు."

పక్కనున్న పెద్దకోడలు చెయ్యి చాచింది. "నాకిచ్చెయ్. ఎలా లాగాలో నేర్పు. నాకు అలవాటేగా."

ఆ మాట ఆమె మామూలుగానే అంది. చిన్నకోడలికి ఏడుపు ఆగలేదు.

అలా పెద్దకోడలు పనిలోకి వచ్చింది. మొదటి రెండు స్క్రీన్లు పాడుచేసింది, మూడోదాని నుంచి చెయ్యి కుదిరింది. కోటర్‌ను మరీ నిటారుగా పట్టుకుంటే అంచు మీదికి ఎమల్షన్ చాలినంత రాదని, మరీ వంచితే పొర్లిపోతుందని ఎవరూ చెప్పకుండానే పట్టేసింది. మాస్టారు వచ్చి స్క్రీన్‌ను ఎండకేసి పట్టి, అంగుళం అంగుళం చూసి, సరే అన్నాడు. కొత్త చొక్కాలు వెళ్ళిపోయాయి. పై వాటాలో వంట రెండుగా విడిపోయింది. బావగారి చేతి అన్నం ఇక తినలేనని చిన్నకోడలు తెగేసి చెప్పింది. తోడికోడలు ఏమీ నొచ్చుకోలేదు. తనకూ ఒక కంచం అక్కడే పెట్టమంది.

బావగారు కొన్నాళ్ళు మూతి ముడుచుకుని తిరిగాడు. తర్వాత ఆర్డర్లు పట్టుకురావడానికి పూర్తిగా బయటి పనికి మళ్ళాడు. మాటకారి కదా, ఆర్డర్లు బాగానే వచ్చాయి. ఒకరోజు ఒక హోటల్ యజమానిని వెంటబెట్టుకొచ్చాడు. కౌంటర్ దగ్గర కూర్చోబెట్టి, కాలు మీద కాలేసుకుని చెబుతున్నాడు.

"మా దగ్గర మొదట్నుంచీ శుభ్రత విషయంలో రాజీ లేదండి. కోటర్ దగ్గర్నుంచి అన్నీ నేనే దగ్గరుండి ఎంచి కొన్నా. కడగకపోతే ఇంట్లో ఆడవాళ్ళని కూడా ఊరుకోను."

వెనక గదిలో చిన్నకోడలు స్క్రీన్ పట్టుకుని నిలబడి ఉంది. తల తిప్పి తోడికోడలి ముఖం చూసింది. పెద్దకోడలు చూపు తిప్పలేదు. కోటర్ స్క్రీన్ సగానికి వచ్చింది. మధ్యలో ఆపితే అడ్డంగా గీత పడుతుంది.

"పట్టుకో, కదపకు," అని, పళ్ళు బిగించి పైదాకా లాగింది.